పర్మినెంటేనా?

నరసరావుపేటలో ఎవరికి ఉద్యోగం వచ్చిందన్నా మొదటి ప్రశ్న జీతం గురించి ఉండదు. "పర్మినెంటేనా?" అని ఉంటుంది. జీతమెంతన్నది రెండో ప్రశ్న. మూడోది, అడిగేవాళ్ళ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంటేనే వస్తుంది. నేను పోస్ట్‌డాక్‌గా పనిచేసిన ఐదేళ్ళలో ఊరికి ఎప్పుడొచ్చినా, పల్నాడు రోడ్డులో టీ కొట్టు ముందైనా, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల కిందైనా ఈ ప్రశ్న తప్పేది కాదు. పీహెచ్‌డీ అయిపోయిందంటే సంతోషించేవాళ్ళు. "మరి ఇప్పుడు చేసేది ఉద్యోగమా, ఇంకా చదువేనా?" అనేవాళ్ళు. రెండేళ్ళ ఒప్పందం మీద ఒక ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తున్నాననీ, అది అయ్యాక ఇంకోటి వెతుక్కోవాలనీ చెప్పేవాణ్ణి. మా వీధిలో ఒక పెద్దాయన, బాబాయ్ అని పిలుస్తాను, ఇదంతా శ్రద్ధగా విని ఒక్క మాటలో తేల్చేశాడు: "కౌలన్నమాట."

పోస్ట్‌డాక్ గురించి ఇంతకన్నా సూటైన నిర్వచనం నాకింతవరకూ దొరకలేదు. విశ్వవిద్యాలయాల భాషలో దాన్ని ట్రైనింగ్ అంటారు. ముప్ఫై మూడేళ్ళ మనిషి, అప్పటికే పదేళ్ళు ల్యాబుల్లో గడిపినవాడు, ఇంకా దేనికోసం ట్రైనింగ్ అవుతున్నాడో ఆ మాట చెప్పదు. కౌలు అనే మాట మాత్రం నేలెవరిది, చాకిరీ ఎవరిది, పంటెవరిది, పంట పోతే నష్టమెవరిది అని నాలుగు ప్రశ్నలూ ఒకేసారి ముందు పెడుతుంది. నాలుగోదే నన్ను వదలనిది.

ముందు డబ్బు సంగతి. పోస్ట్‌డాక్ అనగానే కడుపు మాడ్చుకునే పరిశోధకుడి బొమ్మ వేయడం మన దగ్గర మామూలు, అది పూర్తి నిజం కాదు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టుల్లో డాక్టరేట్ పూర్తయినవాళ్ళని రీసెర్చ్ అసోసియేట్‌గా తీసుకుంటారు. 2019లో వాళ్ళకి స్థాయిని బట్టి నెలకి 47, 49, 54 వేలుగా నిర్ణయించారు. 2023 జనవరి నుంచి అది 58, 61, 67 వేలయింది. ఇంటద్దె భత్యం అదనం. (2019 పెంపు ఊరికే రాలేదు. దేశమంతా పరిశోధక విద్యార్థులు రోడ్డెక్కితే వచ్చింది. పరిశోధకులు ధర్నా చేయరనుకునేవాళ్ళకి ఇది గుర్తు చేయాలి.) అమెరికాలో ఎన్‌ఐహెచ్ ఫెలోషిప్ మీద చేరిన పోస్ట్‌డాక్‌కి 2024లో మొదటి ఏడాదికి 61,008 డాలర్లు. ఈ అంకెలు గొప్పవి కాదుగానీ, పేట చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటున్న నాలాంటి వాళ్ళలో చాలామందికి నెలకి 67 వేలంటే చెప్పుకోదగ్గ జీతమే. కాబట్టి గొడవ కేవలం జీతం చాలకపోవడం గురించి కాదు.

జీతం స్లిప్పులో కనపడని భాగం ఒకటుంది. "ఇంకో రెండు మంచి పేపర్లు వస్తే నీకు ఫ్యాకల్టీ ఉద్యోగం గ్యారంటీ" అనే మాట. ఏ కాగితం మీదా ఉండదు. ఇంటర్వ్యూలో సగం, భోజనాల దగ్గర సగం, ఒప్పందం పొడిగించేటప్పుడు మొత్తం వినపడుతుంది. అదే చదువుతో, అదే తెలివితో ఒక కంపెనీలో చేరితే వచ్చే జీతానికీ, ల్యాబులో వచ్చే జీతానికీ ఉన్న తేడాని పూడ్చేది ఆ మాటే. అంటే ఆశని జీతంలో భాగంగా ఇస్తున్నారు. అలా ఇవ్వొచ్చా? ఇస్తే, తీరని ఆశకి ఎవరు పూచీ?

ఆశ పెట్టుకోవడం తప్పని నేననను. పల్నాడులో పుట్టినవాడు అలా అనలేడు. ఇక్కడ ప్రతి ఏడూ మిర్చి వేసేది ఆశ మీదే. గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటిన రోజులు చూసి మర్నాడు వేసినవాళ్ళు, 2025 ఫిబ్రవరికల్లా కేంద్ర ప్రభుత్వం 11,781 రూపాయలకి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సిన స్థితి చూశారు. ఆ తర్వాత కూడా నారు పోశారు. కాకపోతే మిర్చి రైతుకి తన ఆశ ఎంత బలమైనదో తెలుసు. పోయిన ఏడు ధరెంతో, పక్క చేలో ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళు దిగిందో, ఎవరు మునిగారో, ఎవరు ట్రాక్టర్ కొన్నారో ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చు. మునిగినవాడు అదే వీధిలో ఉంటాడు. ల్యాబులో మునిగినవాడు కనపడడు. ప్రొఫెసర్ గారి వెబ్‌సైట్లో "మా పూర్వ సభ్యులు" అనే పేజీలో ఫలానా ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయినవాళ్ళ ఫోటోలుంటాయి. మిగతావాళ్ళ పేర్లు ఉంటే ఉంటాయి, పేరు పక్కన ఏమీ ఉండదు. కొత్తగా చేరేవాడు చూసేది ఆ పేజీనే.

కౌలు దగ్గరికి వస్తాను, అందులో చూడాల్సింది చాలా ఉంది.

మా వైపు మిర్చి చేలకి కౌలు ముందే కట్టాలి. పంట వచ్చాక కాదు. 2021-22లో నల్ల తామర పురుగు పడి పల్నాడు చేలు పూతలోనే ముడుచుకుపోయిన ఏడాది, సొంత పొలం ఉన్న రైతు పెట్టుబడి పోగొట్టుకున్నాడు. కౌలు రైతు పెట్టుబడితో పాటు కౌలూ పోగొట్టుకున్నాడు. నేల యజమానికి ఆ ఏడాదీ రావాల్సింది వచ్చింది. పురుగుని ఎవరూ పిలవలేదు, ఎవరి తప్పూ లేదు. అయినా నష్టం మాత్రం ఒకే వైపుకి జారింది. ఒప్పందం రాసుకున్న పద్ధతే అది.

పరిశోధనలో పురుగు పడటం రోజువారీ వ్యవహారం. నా రంగం బ్యాటరీల్లో వాడే పదార్థాలు. పది మిశ్రమాలు కాలిస్తే తొమ్మిది పనికిరావు. పనికిరాదని తేలడం కూడా విజ్ఞానమే, సైన్సుకి దాని విలువ ఉంది. కానీ ఆ తొమ్మిది వైఫల్యాలు ఎవరి ఖాతాలో పడతాయి? ప్రొఫెసర్‌కి ఒకేసారి ఐదారుగురు పనిచేస్తుంటారు. ఐదు ఆలోచనల్లో ఒకటి పండినా ఆయన గ్రాంటు నిలబడుతుంది. మిగతా నాలుగూ ఎవరి చేతుల్లో ఎండిపోయాయో, వాళ్ళ రెండేళ్ళూ ఎండిపోయినట్టే. ఆలోచన ఆయనది, ఎండినది వీళ్ళ బయోడేటా. నా రెండో పోస్ట్‌డాక్‌లో ప్రాజెక్టు నిధులు మధ్యలో ఆగిపోయి, ఇంకో ఆరు వారాలే జీతం ఇవ్వగలనని మా ప్రొఫెసర్ చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూసి నాకే జాలేసింది. మంచి మనిషి. దుర్మార్గుడు లేని అన్యాయం ఎలా ఉంటుందో అక్కడ చూశాను.

ఇంకో సంగతి. ఏడాది కౌలుకి తీసుకున్న చేలో ఎవడూ చెరువు మట్టి తోలడు, పశువుల ఎరువు వేయడు. వేస్తే దాని బలం మూడేళ్ళు ఉంటుంది, వచ్చే ఏడు ఆ చేను ఎవరి చేతికి పోతుందో తెలియదు. అందుకని యూరియా చల్లి ఈ పంట లాక్కుంటారు. రైతుకి భూమి మీద ప్రేమ లేక కాదు. గడువు అలా చేయిస్తుంది. రెండేళ్ళ ఒప్పందం మీద ఉన్న పోస్ట్‌డాక్ కూడా అంతే. ఐదేళ్ళు పట్టే ప్రశ్నని ముట్టుకోడు. పద్దెనిమిది నెలల్లో పేపర్ అయ్యే ప్రశ్నని ఎంచుకుంటాడు, మిగతా ఆరు నెలలూ దరఖాస్తులు రాసుకుంటాడు. ల్యాబుల్లో ఎంతమంది తెలివైనవాళ్ళు చిన్న ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నారో చూస్తే బాధేస్తుంది. ఇది ఒక మనిషికి జరిగే నష్టంతో ఆగదు, నేల కూడా చచ్చుబడుతుంది.

సంతకం గురించీ చెప్పాలి. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకి పదకొండు నెలల గుర్తింపు కార్డు ఇస్తారు, దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం వస్తాయి. కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఎందరో యజమానులు పెట్టలేదు, పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని భయం. ఆ చేలో రెక్కలు ముక్కలు చేసుకుంటున్నవాడు, తాను రైతునని నిరూపించుకోడానికి ఇంకొకరి సంతకం కోసం ఇంటి ముందు నిలబడాలి. మా లోకంలో ఆ సంతకం పేరు సిఫార్సు లేఖ. మూడు లేఖలు లేకుండా ఏ దరఖాస్తూ కదలదు, అందులో ఒకటి ప్రస్తుతం ఎవరి దగ్గర పనిచేస్తున్నావో వాళ్ళదే అయ్యుండాలి. ఆయనతో గొడవపడి, సెలవు గురించో పేపర్లో పేరు గురించో గట్టిగా మాట్లాడి, మళ్ళీ ఆ లేఖ అడగగలిగే గుండె ఎంతమందికి ఉంటుంది?

తెలుగువాళ్ళకి ఈ విషయంలో ఒక పెద్ద కథ ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు కథ. 1895లో భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయంతో 1922లో బోస్టన్ చేరాడు. ఆస్పత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించాడు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దాన్ని ఇప్పటికీ జీవరసాయన శాస్త్రంలో చెప్పుకుంటారు. కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్, తర్వాత ఏటీపీ. 1930లో డాక్టరేట్. అక్కణ్ణుంచి ఇంకో పదేళ్ళు హార్వర్డ్‌లోనే, శాశ్వత స్థానం లేకుండా. అప్పట్లో పోస్ట్‌డాక్ అనే మాట ఇంత వాడుకలో లేదుగానీ, ఆ పదేళ్ళని ఇంకేమనాలో నాకు తెలియదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయాడు. అక్కడ ఫోలిక్ ఆమ్లం, దాన్నుంచి క్యాన్సర్ మీద పనిచేసే మెథోట్రెక్సేట్, మన కోస్తా జిల్లాల వాళ్ళ బోదకాలుకి వాడే హెట్రజాన్. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకి చనిపోయాడు.

ఈ కథని మనం ఎప్పుడూ గెలుపు కథగా చెప్పుకుంటాం. బడి పిల్లలకి, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యం అనే పాఠానికి ఉదాహరణగా. నాకు ఆ పాఠం మీద అనుమానం. అంత పని చేసిన మనిషికి పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ విశ్వవిద్యాలయంలో కాలు పెట్టుకోడానికి సొంత చోటు లేదంటే, ఆ కథ పట్టుదల గురించి చెప్పేదానికన్నా కౌలు గురించి ఎక్కువ చెప్తోంది. అసలు నాకు ఆయన కన్నా ముందు శేషగిరి గారు గుర్తొస్తారు. ఆయన ఓడెక్కేనాటికి కొత్తగా కాపురానికి వచ్చిన భార్య. వాళ్ళ బిడ్డ పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డని చూడనే లేదు. ఆమె మళ్ళీ భర్తని చూడలేదు. ఆయన ఆశకి పెట్టుబడి ఎవరు పెట్టారు? హార్వర్డ్ కాదు. ఆమె పెట్టింది, వాళ్ళ నాన్న పెట్టాడు. పంట ప్రపంచానికంతటికీ అందింది, మెథోట్రెక్సేట్ వాడుతున్న ప్రతి రోగికీ అందుతోంది. అది చిన్న విషయం కాదు, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. లెక్క రాసేటప్పుడు ఖర్చు పద్దు కూడా రాయమంటున్నాను.

పేటలో ఇప్పటికీ ఆ పద్దు ఇంట్లోనే ఉంటుంది. చెల్లెలి పెళ్ళి వాయిదా పడటం, నాన్న రిటైరైన డబ్బులో కొంత వీసా ఖర్చులకి పోవడం, భార్యకి ఒక ఊళ్ళో ఉద్యోగం భర్తకి ఇంకో ఖండంలో ఫెలోషిప్. ల్యాబు బడ్జెట్లో వీటికి కాలమ్ లేదు.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదనలు రెండు. "తెలిసే వచ్చారుగా, ఎవరైనా బలవంతపెట్టారా?" అనేది మొదటిది. ఒప్పుకున్నాడు కాబట్టి న్యాయమే అనడానికి, ఏమిటి ఒప్పుకున్నాడో అతనికి తెలిసుండాలి. ఫోటోల పేజీ చూసి ఒప్పుకున్నదాన్ని తెలిసి ఒప్పుకోవడం అనలేను. రెండోది ఇంకా తియ్యగా ఉంటుంది: "ఇష్టమైన పని చేసుకుంటున్నారు, అది చాలదా?" దీనికి జవాబు చెప్పే ముందు ఒకటి చెప్పాలి. ఆ ఇష్టం నిజం. ఏడు నెలలుగా కుదరని ఒక పదార్థం, ఒకరోజు అర్ధరాత్రి దాటాక ఎక్స్‌రే గ్రాఫ్‌లో మలినాల గీత ఒక్కటీ లేకుండా శుభ్రంగా కనపడింది. ల్యాబులో ఎవరూ లేరు. దాన్ని ఆ క్షణాన భూమ్మీద నేనొక్కణ్ణే చూస్తున్నానని తెలిసి కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. అలాంటి రాత్రి జీవితంలో రెండుసార్లు వచ్చినా చాలు. కానీ ఆ ఆనందం నాకు ఎవరు ఇచ్చారు? పని ఇచ్చింది, ఆ పదార్థం ఇచ్చింది. వాళ్ళు ఇవ్వనిదాన్ని నా జీతంలోంచి కోసుకునే హక్కు వాళ్ళకి లేదు. చేను పచ్చగా ఉంటే చూసి కౌలు రైతు కూడా మురిసిపోతాడు. అందుకని కౌలు పెంచుతారా? (పెంచుతారనుకోండి. అది వేరే సంగతి.)

ఆనందం పని ఇచ్చేది. ఆశ అలా కాదు, అది మనిషి మనిషికి ఇచ్చేది. నోటితో, ఉత్తరంతో, భుజం తట్టి ఇచ్చేది. కాబట్టి ఇచ్చినవాళ్ళకి దానిమీద బాధ్యత ఉంటుంది. అయితే ఆ బాధ్యత ఏమిటి? "నీకు ఉద్యోగం రాదు, వెళ్ళిపో" అని ముందే చెప్పడమా? అలా చెప్పగలిగేంత జోస్యం ఎవరికీ తెలియదు. మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రాణ్ణి చూసి ఎవరైనా ఏం చెప్పేవాళ్ళు? జోస్యం చెప్పమని కాదు, లెక్క చెప్పమనే నా గోల. నా దగ్గర ఇప్పటివరకూ ఇంతమంది పనిచేశారు, ఇన్నేళ్ళు ఉన్నారు, ఇప్పుడు ఫలానా చోట్ల ఉన్నారు. ఇది చెప్పడానికి ఎవరికీ దివ్యదృష్టి అక్కర్లేదు. నువ్వు అందులో ఎవరివవుతావో నాకు తెలియదు, కానీ చేను ఇలాంటిది అని చెప్పడం. అది విని కూడా ఒకమ్మాయి చేరితే, అప్పుడు ఆ ఆశ ఆమెది. లెక్క దాచిపెట్టి చేర్చుకుంటే అది అప్పు, ఇచ్చినవాడు తీర్చాల్సిన అప్పు.

ప్రొఫెసర్లు మాత్రం ఏం చేస్తారు, వాళ్ళూ మూడేళ్ళ గ్రాంటు మీద కౌలుదార్లే అనొచ్చు. నిజమే. కౌలు మీద కౌలు. పైన ప్రభుత్వాలున్నాయి. జర్మనీలో 2007 చట్టం ప్రకారం తాత్కాలిక ఒప్పందాల మీద డాక్టరేట్‌కి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు ఉండొచ్చు, ఆపైన సాధారణంగా వీలుండదు. అక్కడి మంత్రిత్వశాఖ ఈ పద్ధతి ఎంత మంచిదో చెప్పడానికి హన్నా అనే కల్పిత పాత్రతో ఒక వీడియో చేసింది. ఒక తరం వాళ్ళే ఉద్యోగాలన్నీ పట్టుకుని కూర్చుంటే వ్యవస్థ మూసుకుపోతుందట, అందుకని ఎప్పటికప్పుడు మనుషులు మారుతుండాలట. 2021లో వేలమంది పరిశోధకులు "నేనే హన్నాని" అంటూ తమ ఒప్పందాల చరిత్ర బయటపెట్టారు. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 48 వేలమంది అకడమిక్ ఉద్యోగులు సమ్మె చేశారు. అందులో పోస్ట్‌డాక్‌లూ ఉన్నారు, డిసెంబరుకల్లా మెరుగైన ఒప్పందం తెచ్చుకున్నారు. మన దగ్గర పద్ధతి వేరు. మన దగ్గర ఆశకి గడువు తేదీ వేస్తారు. నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కి 35 ఏళ్ళు, ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీకి 32, విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్ళ రామానుజన్ ఫెలోషిప్‌కి 40. కొన్నిటికి సడలింపులున్నాయి, కానీ గీత గీతే. ముప్ఫైల్లో బిడ్డని కనాలనుకునే అమ్మాయికి ఆ గీత ఎలా కనపడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. గీత దాటేలోపు శాశ్వత ఉద్యోగాలైనా తెరుస్తారా? 2023 చివర్లో మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకి నోటిఫికేషన్లు వచ్చాయి. నాకు తెలిసినవాళ్ళు ఆరుగురు ఫీజులు కట్టి దరఖాస్తులు పెట్టారు. ఆ భర్తీ మధ్యలో ఆగింది, ఆగినన్నాళ్ళూ వయసు మాత్రం ఆగలేదు.

ఇదంతా రాయడానికి కారణం మా కాలేజీలో బీటెక్ చదివిన ఒకమ్మాయి. రొంపిచర్ల వైపు పల్లె. వాళ్ళ నాన్న ఎకరం సొంతం, నాలుగెకరాలు కౌలు చేస్తాడు. ఆ అమ్మాయి ఒక ఐఐటీలో పీహెచ్‌డీ పూర్తి చేసింది. పోస్ట్‌డాక్‌కి రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి మన దేశంలో పేరున్న ల్యాబు, ఇంకోటి జర్మనీ. రెండూ రెండేళ్ళే. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒక ఆదివారం మా ఇంటికొచ్చారు. "మీరు చూసొచ్చినోళ్ళు గదా సార్, పంపమంటారా, మానమంటారా?" అన్నాడాయన. పంపమన్నా మానమన్నా నేనూ ఆశ పంచేవాణ్ణో, తుంచేవాణ్ణో అవుతాను. అందుకని ఆ అమ్మాయితో, ఇద్దరు ప్రొఫెసర్లకీ ఒకే ఉత్తరం రాయమన్నాను. ఇప్పటివరకూ మీ దగ్గర పోస్ట్‌డాక్ చేసినవాళ్ళు ఎందరు, వాళ్ళిప్పుడు ఏం చేస్తున్నారు, నిధులు మధ్యలో ఆగితే నాకు ఎన్నాళ్ళ ముందు చెప్తారు? అంతే. "అలా అడిగితే ఏమనుకుంటారో సార్," అని భయపడింది. కౌలుకి దిగేముందు బోరులో నీళ్ళున్నాయో లేదో చూడవా అని వాళ్ళ నాన్నే సర్దిచెప్పాడు.

మన దేశపు ల్యాబు నుంచి, చేరాక ఇవన్నీ మాట్లాడుకోవచ్చు, ముందు పరిశోధన మీద దృష్టి పెట్టమని రెండు వాక్యాల జవాబు వచ్చింది. జర్మనీ ప్రొఫెసర్ నాలుగు రోజులు తీసుకుని ఒక జాబితా పంపాడు. పన్నెండేళ్ళలో పదకొండు మంది. ముగ్గురు విశ్వవిద్యాలయాల్లో, నలుగురు కంపెనీల్లో, ఒకరు పేటెంట్ ఆఫీసులో, ఒకరు స్కూలు టీచరు, ఇద్దరి సంగతి తనకి తెలియదు. నిధులు ఆగే పరిస్థితి వస్తే ఆరు నెలల ముందు చెప్పే ప్రయత్నం చేస్తాననీ, రాతపూర్వకంగా హామీ ఇచ్చే అధికారం తనకి లేదనీ రాశాడు.

అమ్మాయి జాబితా చదివి తెలుగులో చెప్తుంటే వాళ్ళ నాన్న వేళ్ళు మడుస్తూ విన్నాడు. "పదకొండులో ముగ్గురు. మిర్చి కన్నా నయమే," అన్నాడు. మేమిద్దరం నవ్వాం. ఆయన నవ్వలేదు, మళ్ళీ వేళ్ళు లెక్కబెట్టుకుని, "ఆ తెలియనోళ్ళు ఇద్దరూ ఏమైపోయారో కనుక్కోమను," అన్నాడు.

ఆ అమ్మాయి మొహమాటపడుతూనే రాసింది. వారానికి జవాబొచ్చింది. వాళ్ళలో ఒకావిడ సొంత దేశానికి వెళ్ళిపోయి అన్నగారి వ్యాపారంలో లెక్కలు చూస్తోందట, ఉత్తరం రాస్తే సంతోషంగా పలికిందట. రెండో మనిషి పాత ఈమెయిల్ పనిచేయడం లేదట, ఇంకా వెతుకుతున్నానన్నాడు.